గ్రీకు ‘ఫై’: ఫలంలో ఫ-నా, ఆఫీసులో ఫ-నా?

ప్రశ్న: ఇవాళ గ్రీసులో ‘ఫై’ అక్షరాన్ని ఆఫీసులో ఫ లాగే పలుకుతారు. ప్లేటో కాలంలో మాత్రం అది సంస్కృత ‘ఫలం’లోని ఒత్తు ఫ (ప్+హ) అంటారు. రికార్డింగులు లేని కాలం గురించి అంత గట్టిగా ఎలా చెప్తున్నారు?

జవాబు: వ్యాకరణమే పట్టిస్తుంది. ముందు సంధి చూడండి. ‘ఎపి’ (మీద) + ‘హేమెర’ (రోజు). ఇకారం లోపించి, ప్ పక్కన హ్ చేరితే ‘ఎఫేమెరొస్’ (ఒక్కరోజు ఉండేది). ఆ చేరికను ఏథెన్సువాళ్లు ఫైతో రాశారు. ప్, హ్ కలిస్తే వచ్చేది మహాప్రాణం (ఒత్తు హల్లు). పై పళ్లు కింది పెదవిని తాకే ఎఫ్ కాదు. హకారం పోగొట్టుకున్న ఆసియా మైనరు అయోనియన్ మాండలికంలో ఇలాంటి చోట్ల పకారం అలాగే ఉండిపోయింది. మార్పు తెచ్చింది హకారమేనని అక్కడ తేలిపోతుంది.

నాకు అన్నిటికన్నా బలంగా కనిపించేది ద్విరుక్తి, అంటే ధాతువు తొలి అక్షరం రెండుసార్లు రావడం. సంస్కృతంలో ‘ఫల్’ ధాతువుకి లిట్‌లో (ఒక భూతకాల రూపంలో) ‘పఫాల’ వస్తుంది: అభ్యాసంలో (ఆ జంటలో మొదటి అక్షరంలో) మహాప్రాణం అల్పప్రాణమవుతుంది, అంటే ఒత్తు పోతుంది. గ్రీకులోనూ అంతే, ‘ఫెఉగో’ (పారిపోతాను), ‘పెఫెఉగ’ (పారిపోయాను). ఒత్తు తీస్తే ప మిగిలిందంటే అసలు అక్షరం ఒత్తు ప అన్నమాట.

బయటి సాక్ష్యం లాటిన్. అందులో ఎఫ్ అక్షరం ఉన్నా, ఫిలిప్పొస్ పేరుని మొదట్లో ‘పిలిపుస్’ అని, తర్వాత పి పక్కన హెచ్ పెట్టి రాశారు. ఫుండానియుస్ అన్న పేరులో తొలి అక్షరం (ఎఫ్) పలకలేకపోయిన గ్రీకు సాక్షిని రోమన్ వక్త సిసెరో ఎగతాళి చేశాడని, వక్తృత్వం నేర్పిన రోమన్ గురువు క్వింటిలియన్ రాశాడు. ఆ సాక్షి నోట ఫై అప్పటికే ఎఫ్ అయివుంటే ఇబ్బందే ఉండదు.

ప్రశ్న: మరి ఎఫ్ ఎప్పుడయింది? ఇండో-గ్రీకు (భారతదేశపు వాయవ్యాన్ని ఏలిన గ్రీకు రాజుల) నాణేలు పనికొస్తాయా?

జవాబు: ఇటలీలోని పాంపేయి గోడల మీది లాటిన్ రాతల్లో ‘డాఫ్నె’ అని ఎఫ్‌తో కనిపిస్తుంది. ఆ ఊరు క్రీ.శ. 79లో బూడిదలో కూరుకుపోయింది కాబట్టి మార్పు కొందరి నోళ్లలోనైనా అప్పటికే మొదలైంది. 4వ శతాబ్దపు గోతిక్ (ఒక పాత జర్మానిక్ భాష) బైబిల్లో ఫైకి వరసగా ఎఫ్ వాడారు. అందుకే ప్రతి సాక్ష్యం పక్కనా కాలం, ప్రాంతం, రాసినవాడి భాష తప్పకుండా వేసుకోవాలి. పాంపేయి రాతను తెచ్చి ప్లేటో నోట్లో పెడితే లెక్క తప్పుతుంది.

నాణేల దగ్గర జాగ్రత్త అవసరం. ఫిలొక్సెనొస్ అనే ఇండో-గ్రీకు రాజు పేరు ఖరోష్ఠీ లిపిలో ‘ఫిలసిన’ అని ఒత్తు ఫతో ఉంది. చూడటానికి బాగానే ఉంటుంది గాని, అక్కడి ప్రాకృతంలో ఎఫ్‌కి వేరే అక్షరం లేదు. గ్రీకు రాజు ఎఫ్ అని పలికినా లేఖకుడు ఆ ఫ-నే రాసేవాడు. లాటిన్‌లో ఎఫ్, పి రెండూ ఉండి పి-ని ఎంచుకున్నారు. దాని విలువ అందుకే ఎక్కువ.