బేరింగ్ మార్చాక ఏబీఎస్ లైటు వెలుగుతోంది, మాడ్యూల్ పోయిందంటున్నారు

బ్రాడీపేట_డీజిల్:
అందరికీ నమస్కారం. మాది 2012 మోడల్ స్విఫ్ట్ జెడ్‌డీఐ. నాన్నగారి బండి, రోజూ మిర్చి యార్డుకి తిరుగుతుంది. ఎడమ ముందు చక్రం గుయ్యిమని మోత పెడుతుంటే ఇక్కడ గుంటూరులోనే ఒక షెడ్డులో బేరింగ్ మార్పించాం. మోత పూర్తిగా పోయింది. కానీ బండి ఇంటికి తెస్తుంటే చుట్టుగుంట దాటకముందే ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) లైటు వచ్చేసింది. తాళం తిప్పగానే మిగతా లైట్లతో పాటు వెలిగి ఆరిపోతుంది. బండి కదిలి కాస్త వేగం అందుకోగానే మళ్లీ వెలుగుతుంది, ఇక ఇంజిన్ ఆపేదాకా ఆరదు. ఎర్ర బ్రేకు లైటు మాత్రం రావట్లేదు. పెడల్ గట్టిగానే ఉంది, బ్రేకు బాగానే పడుతోంది. ఫోనుకి కలిపే చిన్న బ్లూటూత్ స్కానర్ పెడితే లోపం చూపే కోడ్ ఏదీ లేదంటోంది. షెడ్డు ఆయనేమో ఏబీఎస్‌ని నడిపే మాడ్యూల్ పోయింది, సెకండ్ హ్యాండ్‌ది వేసినా 18 వేలు అవుతుందంటున్నారు. వేయించమంటారా? నాన్నగారు వానైనా సరే పొద్దున్నే బయల్దేరతారు, నా భయమంతా అదే.

బెంజి_సర్కిల్:
పాత బండికి అంత ఖర్చెందుకు బ్రో. ఏబీఎస్ ఫ్యూజు పీకేయండి, బ్రేకులు ఎలాగూ పడతాయి. మా బాబాయి బండి అలాగే తిరుగుతోంది.

ఆటోనగర్_వైరింగ్:
ఫ్యూజు జోలికి వెళ్లకండి తమ్ముడూ. ఏబీఎస్ ఒక్కటే ఆగితే గట్టిగా నొక్కినప్పుడు చక్రాలు లాక్ అవుతాయి, అంతవరకే. కానీ ముందు చక్రాలకి ఎంత, వెనక చక్రాలకి ఎంత అని బ్రేకు పంచే ఈబీడీ పని కూడా ఆ ఏబీఎస్ మాడ్యూల్‌దే. ఫ్యూజు తీస్తే అదీ పోతుంది. తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందుగా పట్టేస్తే బండి వెనకభాగం పక్కకి తిరిగిపోతుంది. మీకు ఎర్ర లైటు రాలేదంటే ఈబీడీ ఇంకా పనిచేస్తోందన్నమాట. దాన్ని చేజేతులా చంపుకోవద్దు. ఎప్పుడైనా రెండు లైట్లూ కలిసి వెలిగితే మాత్రం ముందు బ్రేకు ఆయిల్ మట్టం చూడండి, తేలేదాకా బండి తీయకండి.

ఇక మాడ్యూల్ సంగతి. నేను విజయవాడ ఆటోనగర్‌లో వైరింగ్ పనే చేస్తాను. లైటు వెలిగిందని తెలిస్తే చాలదు, ఎప్పుడు వెలిగిందో తెలియాలి. తాళం తిప్పగానే మాడ్యూల్ తనని తాను, వైర్లని చూసుకుంటుంది. అక్కడే తేడా ఉంటే లైటు అసలు ఆరదు. మీది ఆరుతోంది, బండి కదిలాకే వస్తోంది. అంటే ఏదో ఒక చక్రం నుంచి వేగం లెక్క అందట్లేదు, లేదా మిగతా మూడింటితో కలవట్లేదు. నిన్నటిదాకా లేని లైటు బేరింగ్ మార్చిన రోజే వస్తే నేను ఆ చక్రం దగ్గరే మొదలుపెడతాను. 18 వేలు జేబులోనే ఉంచండి.

మీ చిన్న స్కానర్‌ని నమ్ముకోవద్దు. అలాంటివి చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతాయి. ఏబీఎస్ కోడ్లు సి అక్షరంతో మొదలవుతాయి, వాటికి ఏబీఎస్ లోపలికి వెళ్లే స్కానర్ కావాలి. అది పెట్టి నాలుగు చక్రాల వేగం తెర మీద పెట్టుకుని, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి తిన్నగా 20లో నడపండి. మూడు 20 చూపించి ఎడమ ముందుది 0 చూపిస్తే దొరికినట్టే. స్టీరింగ్ తిప్పినప్పుడే అంకె పడిపోతుంటే మాత్రం చక్రం పక్కన వంపు తిరిగే చోట వైరు లోపల తెగి ఉంటుంది, పైన రబ్బరు బాగానే కనిపిస్తుంది.

నా అనుమానం బేరింగ్ మీదే. ఈ రకం బేరింగ్‌కి ఒకవైపు సీలులో అయస్కాంతపు రింగు ఉంటుంది. చూడ్డానికి మామూలు రబ్బరు సీలులాగే ఉంటుంది, అందులో ఉత్తర, దక్షిణ ధ్రువాలు ఒకదాని పక్కన ఒకటి చుట్టూ వరసగా ఉంటాయి. చక్రం వేగం కొలిచే సెన్సర్ వాటినే లెక్కపెడుతుంది. బేరింగ్‌ని ప్రెస్సుతో నొక్కి ఎక్కించేటప్పుడు ఆ వైపు సెన్సర్‌కి ఎదురుగా రావాలి. తిరగేసి కొట్టినా, రింగు లేని బేరింగ్ వేసినా చక్రం హాయిగా తిరుగుతుంది, మోత కూడా పోతుంది. అందుకే మెకానిక్‌కి అనుమానం రాదు. సెన్సర్ బోల్టు విప్పి సెన్సర్ బయటికి తీయండి. పొడవాటి కుట్టుసూదిని నోస్ ప్లయర్‌తో గట్టిగా పట్టుకుని ఆ రంధ్రంలోంచి సీలుకి దగ్గరగా పెట్టండి. రింగు ఉంటే సూది మొనని సన్నగా లాగుతుంది, చేతికి తెలుస్తుంది. కుడి చక్రంలో కూడా చేసి పోల్చుకోండి.

మీటర్‌తో సెన్సర్ ఓమ్స్ చూసి పోయిందని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. పాత కాయిల్ రకానికి ఆ లెక్క సరిపోతుంది, సుమారు 1000 ఓమ్స్ వస్తుంది. తాళం తిప్పితే వైరులో కరెంటు వచ్చే యాక్టివ్ రకానికి అది పనికిరాదు.

సింగ్‌నగర్_వాసి:
అన్నగారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి మా బండి సగం మునిగింది. కొన్ని నెలల తర్వాత ఆగే ముందు, బాగా నెమ్మదిగా ఉన్నప్పుడు పెడల్ టకటకా కొట్టుకోవడం మొదలైంది. చూస్తే సెన్సర్ కూర్చునే చోట తుప్పు ఉబ్బి, సెన్సర్‌ని పైకి ఎత్తేసింది. రింగుకీ దానికీ సందు పెరిగి సిగ్నల్ బలహీనపడింది. సెన్సర్‌ని సుత్తితో కొట్టి తీయకండి, పగులుతుంది. తుప్పు వదిలే స్ప్రే కొట్టి, రాత్రంతా నాననిచ్చి, అటూ ఇటూ తిప్పుతూ లాగండి. కూర్చునే చోటు సాండ్ పేపర్‌తో శుభ్రం చేస్తే చాలు.

బ్రాడీపేట_డీజిల్:
గురువుగారూ, మీరన్నట్టే ఉంది. స్కానర్‌లో ఎడమ ముందుది 0. సూది కుడి చక్రంలో స్పష్టంగా లాగింది, ఎడమ చక్రంలో కదల్లేదు. షెడ్డు ఆయన్ని పిలిచి చూపిస్తే ఆయనే సూది పట్టుకుని చూసి, మార్చి ఇస్తానన్నారు. ఉన్న బేరింగే ఊడదీసి తిరగేసి వేస్తే సరిపోతుందా?

ఆటోనగర్_వైరింగ్:
వద్దు. హబ్ (చక్రం బిగించే భాగం) బయటికి కొట్టేటప్పుడు ఆ దెబ్బంతా గోళీల మీద పడుతుంది, లోపలి రేసు (గోళీలు దొర్లే ఉంగరం) విడిపోయి హబ్‌తో పాటు వచ్చేస్తుంది. అలాంటిది మళ్లీ వేస్తే కొన్నాళ్లకే మోత మొదలవుతుంది. కొత్తదే వేయించండి. ఛాసిస్ నంబరు చెప్పి, ఏబీఎస్ ఉన్న బండి అని అడిగి తీసుకోండి. కొట్టు కౌంటర్ మీదే రెండు వైపులా సూది పెట్టి చూసి, లాగిన వైపు స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టించండి. ప్రెస్సు దగ్గర మీరూ నిలబడండి. ఇనుప రజను ఆ రింగుకి అంటుకుంటుంది, బిగించేముందు గుడ్డతో తుడవమనండి.

అయ్యాక కోడ్ చెరిపించి నడపండి. లైటు రాకపోతే, వెనకా ముందూ ఎవరూ లేని మట్టిరోడ్డు చూసుకుని, సీటు బెల్టు పెట్టుకుని, 40లో ఒక్కసారి బ్రేకు బలంగా నొక్కండి. పెడల్ కాలి కింద టరటరమని అదరాలి, బండి తిన్నగా ఆగాలి. అది చూశాకే బండి నాన్నగారికి ఇవ్వండి.