1964 మద్రాసు జ్వరం, 2006 మదనపల్లె జ్వరం ఒకటేనా?

వేళచ్చేరి వాసి:
మాది మదనపల్లె దగ్గర పల్లె, చెన్నై వచ్చి పదేళ్లయింది. 2006లో మా ఊళ్లో చికున్‌గున్యాతో ఇంటికి ఇద్దరు ముగ్గురు మంచం పట్టారు. అమ్మ బావి దగ్గర బిందె దించి, మళ్లీ ఎత్తలేక అక్కడే కూలబడింది. ఇప్పటికీ చలికాలం పొద్దున్నే వేళ్లు పట్టేస్తాయి, వేడినీళ్లలో కాసేపు ముంచితే గానీ పిండి కలపలేదు. మొన్న పెరంబూరులో మా చిన్నతాత, 1964లో మద్రాసులో తనకూ ఇదే జ్వరం వచ్చిందనీ, వారం రోజులు గోడ పట్టుకుని నడిచాననీ చెప్పారు. ఆ వైరస్సే నలభై ఏళ్లు ఎక్కడో దాక్కుని మళ్లీ బయటికొచ్చిందా? తెలుసుకునే దారి ఉందా?

తరమణి ల్యాబ్:
ఉందండీ, నా రోజువారీ పని అదే. జబ్బు ఒకటే గానీ వైరస్ శాఖలు వేరు. 1963లో కలకత్తా, 64లో మద్రాసు, 65లో విశాఖ, రాజమండ్రి, కాకినాడ, ఇవన్నీ చుట్టింది ఆసియా శాఖ. 1973లో మహారాష్ట్రలోని బార్షీ తర్వాత దేశంలో పెద్ద వ్యాప్తి లేదు. 2005 చివర్లో మళ్లీ మన ఆంధ్రలో మొదలైంది, 2006లో దేశమంతా కలిపి అనుమానిత కేసులే 13 లక్షలు దాటాయి. పుణె ఎన్‌ఐవీ (జాతీయ వైరాలజీ సంస్థ) వాళ్లు ఆ శాంపిళ్ల జన్యుక్రమం చదివితే ఆఫ్రికా శాఖ అని తేలింది. 2004లో కెన్యా తీరాన లాములో మొదలై, కొమొరోస్, రీయూనియన్ దీవుల మీదుగా పాకిన వైరస్‌కి అది దగ్గరి చుట్టం. అంటే మీ తాతగారికి వచ్చింది దాక్కోలేదు, అమ్మగారికి వచ్చింది సముద్రం దాటి వచ్చిన వేరే శాఖ.

వేళచ్చేరి వాసి:
దగ్గరి చుట్టమని ఎలా చెప్తారు?

తరమణి ల్యాబ్:
బ్రౌన్ దొర వేమన పద్యాల ప్రతులు ఊరూరా పోగేసి పోల్చి చూశాడు కదా, అలాంటి పనే. ఒకే తప్పు రెండు ప్రతుల్లో కనబడితే, రెండూ ఒకే మాతృక నుంచి ఎత్తి రాసినవేమో అనుకుంటాం. ఈ వైరస్ జన్యువులో దాదాపు 11,800 అక్షరాలుంటాయి. నకలు తీసుకునేటప్పుడు తప్పులు దొర్లుతూనే ఉంటాయి, చాలావరకు పోతాయి, ఏడాదికి సుమారు ఐదు నిలుస్తాయి. అందుకే రెండు శాంపిళ్ల మధ్య తేడాలు లెక్కపెడితే అవి ఏ కాలంలో విడిపోయాయో కూడా అంచనా కట్టొచ్చు. శాంపిల్ తీసిన తేదీ, ఊరు సరిగ్గా రాసి ఉండాలి, అది లేకపోతే ఎంత బాగా చదివినా సగం వృథా.

కొట్టాయం రిటర్న్:
ఒక్క అక్షరం మారితే ఏమవుతుందో నేను కేరళలో చూశాను అన్నా. పైతొడుగు ప్రోటీన్ ఈ1లో 226వ చోట అలనైన్ అనే అమైనో ఆమ్లం పోయి వాలైన్ అనేది వచ్చింది, దాంతో చారల టైగర్ దోమలో ఈ వైరస్ బాగా పెరగడం మొదలైంది. 2006లో మన దగ్గర శాంపిళ్లలో ఆ మార్పు లేదు, 2007లో కేరళలో కనబడింది. అక్కడ రబ్బరు తోటల్లో పాలు పట్టే చిప్పలు చెట్టుకొకటి కట్టి ఉంటాయి, వాన పడితే ప్రతి చిప్పలోనూ ఈ దోమ పిల్లలే. రీయూనియన్‌లోనూ అదే మార్పు, అదీ విడిగా వచ్చిందే!

వేళచ్చేరి వాసి:
ఇప్పుడు అమ్మ రక్తం పరీక్షిస్తే ఏ శాఖో తెలుస్తుందా?

తరమణి ల్యాబ్:
తెలియదండీ. రక్తంలో వైరస్ వారం రోజులకు మించి ఉండడం తక్కువ. తర్వాత మిగిలేవి యాంటీబాడీలు, వాటిని బట్టి శాఖ చెప్పలేం. ఒక శాఖకు పుట్టినవి రెండోదాన్నీ అడ్డుకుంటాయి కాబట్టి, 2006లో తాతగారు మీ ఊళ్లో ఉండి ఉంటే ఆయనకు రాకపోవచ్చు.

వేళచ్చేరి వాసి:
ఉన్నారండీ. ఇంటిల్లిపాదీ పడుకుంటే, ఆ పది రోజులూ బావిలో నీళ్లు తోడి అందరికీ గంజి కాచింది ఆయనే.