ఫ్యాన్సీ గోల్డ్‌ఫిష్ తలకిందులైతే తప్పు తేలే మేతదేనా?

సీతమ్మధార ట్యాంకు:
ఒరాండా గానీ రాంచు గానీ, ఇలాంటి గుండ్రటి ఒళ్లున్న ఫ్యాన్సీ గోల్డ్‌ఫిష్ ఏదైనా మేత తిన్నాక తోక పైకి లేచి తేలిపోతోందని ఎవరు అడిగినా మన వేదికలో ఒకటే జవాబు: "తేలే గుళికలు మానేయండి, బఠాణీ పెట్టండి." ఇది సగం మాటే అంటాను. విశాఖలో అసలు తప్పు రెండు చోట్ల ఉంది: మేత ఎక్కువ కావడం, నీళ్లు వేడెక్కడం. కాదనేవారు కారణం చూపించండి.

గాజువాక ఒరాండా:
కాదనే అంటానండీ. గోల్డ్‌ఫిష్ గాలితిత్తి (నీళ్లలో తేలడానికి ఒంట్లో ఉండే గాలి సంచి) నుంచి అన్నవాహికకి సన్నటి గొట్టం ఉంటుంది. నీటి మీద గుళిక అందుకునేటప్పుడు చేప గాలి కూడా మింగుతుంది. కామెట్ లాంటి సన్న చేపకి తిత్తిలో రెండు గదులూ సరిగ్గా ఉంటాయి కాబట్టి సర్దుకుంటుంది. ర్యూకిన్, పెర్ల్‌స్కేల్, రాంచుల్లో వెనక గది కుంచించుకుపోయి ఉంటుంది. పేగులన్నీ ఆ పొట్టి ఒంట్లోనే మడతలు పడి తిత్తిని ఒత్తుతుంటాయి. అలాంటి చేప చేత గాలి మింగించడం ఎందుకు? మునిగే గుళికలు అదే షాపులో దొరుకుతాయి కదా.

సీతమ్మధార ట్యాంకు:
మునిగేవి వాడొద్దని నేను అనలేదండీ, నేనూ వాటినే వాడమంటాను. నా అభ్యంతరం అక్కడితో ఆగిపోవడం మీదే. 20 డిగ్రీల నీటిలో లీటరుకి దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది. మే నెలలో మన ట్యాంకులు 31 డిగ్రీలకి చేరితే అది ఏడున్నర దగ్గరికి పడిపోతుంది. గాలి పంపు ఆగిన రాత్రి చేప గంటల తరబడి పైకొచ్చి నోరు తెరుస్తూనే ఉంటుంది. మేత తినే రెండు నిమిషాల్లో మింగే గాలి దాని ముందు ఎంత? చేప వ్యర్థాల నుంచీ మిగిలిన మేత నుంచీ వచ్చే అమ్మోనియా కూడా చూడండి. పీహెచ్ 8 ఉన్న నీటిలో విషపు రూపంలో ఉండే భాగం 20 డిగ్రీల దగ్గర నాలుగు శాతం లోపు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర శాతం. ఎక్కువ మేత వేసి, వేడి నీళ్లలో ఉంచి, గుళిక తేలిందని దాన్ని తిట్టడం న్యాయం కాదు.

మేత వల్లేనా కాదా అని తేల్చుకునే దారి ఒకటుంది. 24 నుంచి 48 గంటలు ఏమీ పెట్టకండి. చేప నిటారుగా వచ్చేస్తే అది పేగుల్లో గ్యాసు, మేత సర్దితే చాలు. అడుగునే పడి ఉండి లేవలేకపోయినా, రెండు రోజుల తర్వాత కూడా పొట్ట పైకే ఉన్నా మేత మార్చి ప్రయోజనం లేదు. ఇన్‌ఫెక్షన్, మూత్రపిండాల వాపు, పుట్టుకతో వచ్చిన లోపం ఇలాంటివి వెతకాలి.

మధురవాడ రాంచు:
నానబెట్టడం సంగతి ఎవరూ ఎత్తలేదు. మీరు వాడే గుళికలు పది, గ్లాసుడు ట్యాంకు నీళ్లలో వేసి పదిహేను నిమిషాలు చూడండి. కొన్ని రకాలు రెట్టింపు అయిపోతాయి, కొన్ని అంచుల్లో మాత్రం మెత్తబడతాయి. ఉబ్బే రకమైతే మార్చేయండి. ఉబ్బకపోతే ఒక నిమిషం తడిపితే చాలు. అరగంట నానబెడితే సి విటమిన్, బి విటమిన్లు నీళ్లలోకి దిగిపోతాయి, చేపకి మిగిలేది పిప్పి.

లెక్క: గోల్డ్‌ఫిష్‌కి జీర్ణాశయం లేదు, తిన్నది నేరుగా పేగులోకి వెళ్తుంది. కాబట్టి ఒకేసారి దట్టించకూడదు. రోజు మొత్తానికి ఒంటి బరువులో ఒక శాతం అనుకుని మొదలుపెట్టండి. 50 గ్రాముల చేపకి అర గ్రాము, మూడు పూటలుగా. నగలు తూచే చిన్న డిజిటల్ త్రాసు మీద ఒక్కసారి తూచి, అది ఎన్ని గుళికలో లెక్కపెట్టుకుంటే ఇక రోజూ తూచక్కర్లేదు. చిటికెతో వేస్తే మాత్రం అది ఎప్పుడూ ఎక్కువే పడుతుంది.

పెదవాల్తేరు తొట్టి:
బఠాణీ మందు కాదు. ఉపవాసం తర్వాత పెడతారు కాబట్టి పేరు దానికొచ్చింది. పీచు కోసం వారానికి ఒక పూట చాలు: చలికాలంలో రైతుబజార్ పచ్చి బఠాణీ, మిగతా రోజుల్లో ఫ్రోజెన్. మూడు నిమిషాలు ఉడికించి, తొక్క తీసి, చేప నోటికి తగ్గట్టు చిదమాలి. రంగు వేసిన ఎండు బఠాణీ వద్దు.

రోజువారీ మేతకి జెల్ మేలు. అడుగునే ఉంటుంది, తడిగా ఉంటుంది, పొట్టలో ఉబ్బదు. 100 గ్రాముల ఉడికించిన రొయ్య, 100 గ్రాముల బఠాణీ, చెంచాడు స్పిరులినా (నాచు పొడి) మెత్తగా రుబ్బి, 200 మిల్లీలీటర్ల నీళ్లలో 6 గ్రాముల చైనాగ్రాస్ (సముద్రపు నాచు నుంచి తీసే అగర్) పొడి మరిగించి కలపాలి.

గాజువాక ఒరాండా:
గాలి గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను సీతమ్మధార గారూ, మే నెలలో రాత్రి పంపు ఆగకుండా చూడడం నా సలహాలో కూడా చేరుస్తాను. మునిగే గుళిక మాట మాత్రం వెనక్కి తీసుకోను. పెదవాల్తేరు గారూ, జెలటిన్ తేలిగ్గా కలుస్తుంది కదా, చైనాగ్రాసే ఎందుకు? పైగా అది ముద్దలు కడుతుంది.

పెదవాల్తేరు తొట్టి:
జెలటిన్ 30 డిగ్రీలు దాటితే మెత్తబడిపోతుందండీ. వేసవిలో మన ట్యాంకులో ముక్క వేస్తే చేప తినేలోపే అంచులు కరిగి నీళ్లు పాలలా అవుతాయి. చైనాగ్రాస్ ఒకసారి గట్టిపడ్డాక 85 డిగ్రీల దాకా కరగదు. ముద్దలు కట్టేది ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి రొయ్య ముద్ద పోసినప్పుడే. తగిలిన చోటల్లా అప్పటికప్పుడే గడ్డ కట్టేస్తుంది. రుబ్బిన ముద్దని ముందు గోరువెచ్చగా చేసి, పొడి రెండు మూడు నిమిషాలు బాగా మరిగాక పోసి వెంటనే తిప్పండి. ఫ్రీజర్‌లో పెట్టకండి, బయటికి తీశాక నీరు వదిలి స్పాంజిలా పొడిపొడి అవుతుంది. ఐదు రోజులకి సరిపడా చేసి కింద అరలో ఉంచండి.

మధురవాడ రాంచు:
రొయ్య కచ్చితంగా ఉడికించిందే అయ్యుండాలి. కొన్ని పచ్చి చేపల్లో, రొయ్య జాతుల్లో బి1 విటమిన్‌ని నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది, వేడికి అది పోతుంది. ఉప్పు వేసి ఉడికించింది వద్దు.