పోర్ట్ 43 పోయింది, మన స్క్రిప్టుల గతేంది?

తుంగభద్ర (కర్నూలు):
డాట్ కామ్ లాంటి వాటికి హూయిజ్ (డొమైన్ ఎవరిది, గడువు ఎప్పుడు అని పోర్ట్ 43 మీద అడిగే పాత పద్ధతి) తప్పనిసరి కాదని 2025 జనవరి 28 నుంచి ఐకాన్ (డొమైన్ పేర్ల వ్యవస్థను చూసుకునే సంస్థ) తేల్చేసింది. ఇంక దాని బదులు వచ్చిన ఆర్‌డాపే అంట. డొమైన్ గడువు తేదీ తీసే నా స్క్రిప్టు నాలుగు లైన్లు: పోర్ట్ 43కు పేరు పంపు, 'ఎక్స్‌పైరీ' ఉన్న లైను పట్టు. నడిచేదాన్ని ఎందుకప్పా చెడగొట్టేది?

పెన్నా_నెట్ (కడప):
ఆ నాలుగు లైన్లు డాట్ కామ్ లాంటి వాటికే పనికొస్తాయన్నా. దేశాల డొమైన్లకొస్తే ఒక్కో రిజిస్ట్రీ (ఆ తోక కింది పేర్ల పట్టీ ఉంచే సంస్థ) ఆ లైనుకు ఒక్కో పేరు పెడుతుంది, తేదీ రాసే తీరూ ఒక్కటి కాదు. ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే వీలే హూయిజ్‌లో లేదు, డాట్ భారత్ కింద తెలుగు పేర్లకు అదే తంటా. ఆర్‌డాప్‌లో జేసన్ (ప్రతి వివరానికీ పేరు తగిలించిన డేటా) వస్తుంది, 'ఈవెంట్స్'లో 'ఎక్స్‌పిరేషన్' చూసుకో. ఏ టీఎల్‌డీకి (డాట్ కామ్, డాట్ భారత్ లాంటి తోకకు) ఏ సర్వరో ఐయానా అనే సంస్థ పెట్టే బూట్‌స్ట్రాప్ ఫైల్లో ఉంటుంది. రోజుకోసారి దించుకుంటే చాలు, పేరు పేరుకూ దించొద్దు. 404 వస్తే ఆ పేరు అక్కడ లేదని. 429 వస్తే ఎక్కువసార్లు అడిగావని, ఆగి అడుగు. హూయిజ్‌లో పరిమితి దాటితే ఉట్టి వాక్యమో, ఖాళీయో వస్తుంది. దాన్నే స్క్రిప్టు 'ఈ పేరు ఎవరూ తీసుకోలేదు' అని చదువుకుంటుంది.

హగరి_గట్టు (అనంతపురం):
302 వస్తే వేరే చిరునామాకు పొమ్మని, దాని వెంట పోయేట్టు రాసుకోండి.

తుంగభద్ర:
దేశాల టీఎల్‌డీలకు ఐకాన్ ఒప్పందం పట్టదు. చాలావరకు ఆ ఫైల్లోనే లేవు. అంటే రెండూ మోయాల!

పెన్నా_నెట్:
మోయాల్సిందే. ముందు ఆర్‌డాప్, లేకుంటే హూయిజ్. ఇంకో గుంత కూడా ఉంది: డాట్ కామ్ రిజిస్ట్రీ గడువు రోజున తేదీని తనంతట ఏడాది ముందుకు జరుపుతుంది. డబ్బు కట్టకుంటే రిజిస్ట్రార్ (మనకు డొమైన్ అమ్మిన కంపెనీ) 45 రోజుల్లోపు డిలీట్ చేయొచ్చు. కొత్త సంవత్సరం కనబడినంత మాత్రాన రెన్యూ అయినట్టు కాదు. 'స్టేటస్'లో 'ఆటో రెన్యూ పీరియడ్' ఉందేమో చూడు. 'రిలేటెడ్' లింకు పట్టుకుని రిజిస్ట్రార్ సర్వరుకు పో, అక్కడ 'రిజిస్ట్రార్ ఎక్స్‌పిరేషన్' ఉంటే దాన్నే నమ్ము.

తుంగభద్ర:
పొద్దున్నుంచి తేదీలే పట్టుకున్నావు. ఓనరు పేరు యాడుంది? సైటు చేసిచ్చినోడు డొమైన్ తన పేరు మీద రాసుకుని ఫోన్ ఎత్తకపోతే, అంగడాయన ఏం చూపించి అడగాల? నాకు మండేది దానికి, జేసన్‌కు కాదు.

హగరి_గట్టు:
అసలు సంగతి ఇదన్నమాట.

పెన్నా_నెట్:
పేరు దాచింది ఆర్‌డాప్ కాదన్నా. యూరప్ గోప్యతా చట్టం జీడీపీఆర్ అమలైన 2018 మే 25 నుంచి హూయిజ్‌లోనూ దాగింది. లాగిన్‌ను బట్టి పోలీసుకు ఎక్కువ, మామూలోనికి తక్కువ చూపించే వీలు ఆర్‌డాప్‌కే ఉంది.

తుంగభద్ర:
వీలుంటే సరిపోతాదా? ఓనరుకు తన డొమైన్ తన పేరు మీద ఉందో లేదో తెలియకూడదా?

పెన్నా_నెట్:
తెలియాల. వివరాలు సరిచూసుకోమని రిజిస్ట్రార్ ఏడాదికోసారి రిజిస్ట్రెంటుకు (డొమైన్ ఎవరి పేరు మీదుందో వాళ్లకు) మెయిల్ పంపాలి. అది ఎవరికి వస్తాందో అడగమను. ఖాతా మొదట్లోనే ఓనరు మెయిల్ మీద తెరిపించాల.

తుంగభద్ర:
ఆ మెయిలూ చేసిచ్చినోనికే పోతాంది. నేను మొత్తుకునేదీ అదే.