ఇల్లు లక్కీ డ్రా కూపన్ పైసలు వాపసు రావాలంటే ఎవరి దగ్గరికి పోవాలి?

సుజాత, దేవరకొండ
కూపన్ కొంటే లక్కీ డ్రాలో ఇల్లు ఇస్తానన్నాయన నంబరుకు మధ్యాహ్నం నుంచి చేస్తున్నా. రింగ్ అవుతుంది, ఎత్తరు. మెసేజ్ చూస్తున్నారు, జవాబు ఇవ్వరు. మొన్నటి దాకా లైవ్‌లో దండం పెట్టి మాట్లాడిన మనిషే. డ్రా దసరాకు అన్నారు, తర్వాత దీపావళి అన్నారు, ఇప్పుడు వీడియో కింద కామెంట్లు కూడా మూసేశారు. కూపన్ 600 రూపాయలు. నాకు ఆ ఇల్లు వద్దు, పైసలు వాపసు ఇస్తే చాలు. తెలిసినవాళ్లు జర తొందరగా చెప్పండి.

వెంకన్న, మిర్యాలగూడ
సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

దస్తావేజు లేఖరి, నల్లగొండ
కూపన్ కొనే ముందు ఈసీ, అంటే ఆ ఇంటి మీద అమ్మకాలు, తనఖాల వివరాలు చూపే కాగితం, తీశారా అమ్మా? ఎవరూ తీయరు. ఇంటి నంబరో, డాక్యుమెంట్ నంబరో ఉంటే రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఇల్లు ఆయన పేరు మీద ఉందా, ఎవరికైనా తనఖా పెట్టారా తెలుస్తుంది. ఒక్క మాట, తనఖా రిజిస్టర్ చేస్తేనే ఈసీలోకి వస్తుంది. కాగితాలు ఊరికే తీసుకుపోయి అప్పిచ్చినోళ్ల దగ్గర పెడితే రాదు. అందుకే ఒరిజినల్ చూపించమని అడగాలి, లింకు డాక్యుమెంట్లతో (అంతకుముందు ఓనర్ల కాగితాలతో) సహా. వీడియోలో గేటు, మెట్లు, వంటగది చూపిస్తే అది ఇల్లు చూపించినట్టు కాదు.

సుజాత, దేవరకొండ
అన్నా, అవన్నీ ఇప్పుడెందుకు? పైసలు ఎట్ల వస్తాయో చెప్పండి.

రమేశ్, జడ్చర్ల
ముందు ఏ డ్రానో చెప్పక్కా. మా దిక్కు ఇట్లాంటివి రెండు నడుస్తున్నాయి.

సుజాత, దేవరకొండ
అదే, వంటల రీల్స్ పెట్టే ఆయనది. అందరికీ తెలిసిందే కదా.

రమేశ్, జడ్చర్ల
అయితే నేనూ ఒకటి కొన్నా. నా కూపన్ నంబరు 24 వేల పైన ఉంది. వరుసగానే ఇచ్చుంటే 24 వేలు ఇంటూ 600, అంటే కోటి 44 లక్షలు. వీడియోలో ఆయనే ఇల్లు 40 లక్షలు చేస్తుందన్నాడు. మరి “కూపన్లు సరిపడా అమ్ముడుపోలేదు, అందుకే వాయిదా” అంటే ఎట్ల నమ్మాలి? ఎన్ని అమ్మారో బయటివాళ్లు లెక్క చూసే దారే లేదు. నా అనుమానమంతా అక్కడే ఉంది.

వకీలు దగ్గర గుమస్తా, మహబూబ్‌నగర్
ఎన్ని అమ్మారన్నది తర్వాతి మాట, అసలు అమ్మడమే తప్పు. పైసలు తీసుకొని అదృష్టం మీద బహుమతి ఇస్తే అది లాటరీ. 1998 లాటరీల చట్టం ప్రకారం ప్రభుత్వాలు తప్ప వేరేవాళ్లు నడపకూడదు. కేరళలో ప్రభుత్వమే నడుపుతుంది, మన తెలంగాణలో అదీ లేదు. అనుమతి లేని లాటరీకి ఆఫీసు పెడితే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 297 సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, ప్రకటన ఇచ్చినా జరిమానా.

శ్రీధర్, వనపర్తి
లాటరీ వేరు, లక్కీ డ్రా వేరు అన్నా. బట్టల షాపుల్లో దసరాకు కూపన్ ఇస్తారు, అవన్నీ మూసేస్తారా?

వకీలు దగ్గర గుమస్తా, మహబూబ్‌నగర్
షాపులో చీరకు పైసలు ఇస్తావు, కూపన్ ఊరికే వస్తుంది. ఇక్కడ కూపన్‌కే పైసలు. పేరు ఏది పెట్టినా పని ఒక్కటే.

శ్రీధర్, వనపర్తి
మా బామ్మర్ది లండన్‌లో ఉంటాడు. అక్కడ ఇళ్లకు ఇట్లనే డ్రాలు పెడతారు, అందరూ దొంగలేం కాదు.

వకీలు దగ్గర గుమస్తా, మహబూబ్‌నగర్
అక్కడి చట్టం వేరు. 2005 గ్యాంబ్లింగ్ చట్టం ఉంది. పైసా కట్టకుండా పోస్టులో పేరు పంపుకునే దారి పెట్టే అవి నడుపుతారు. దాన్ని తెచ్చి దేవరకొండలో పెడితే కుదరదు.

దస్తావేజు లేఖరి, నల్లగొండ
డ్రా తీసినా, గెలిచినవాళ్లకు ఏ కాగితం రాస్తారు? గిఫ్ట్ డీడ్ అంటే ప్రతిఫలం లేకుండా ఇవ్వాలి, ఇక్కడ కూపన్ డబ్బు తీసుకున్నారు. సేల్ డీడ్ అంటే ఏ ధరకు? 600కా? సేల్ డీడ్‌కు స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, అది ఎవరు కడతారు? ఇదికాక గెలిచినదాని మీద 30 శాతం పన్ను. 40 లక్షల ఇంటికి 12 లక్షలు, అది కట్టాకే ఇల్లు అప్పజెప్పాలి. కూలి చేసుకునేవాళ్లకు తగిలితే ఆ 12 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారు? ఈ ముక్క ఏ వీడియోలోనూ చెప్పరు.

సుజాత, దేవరకొండ
నా సంగతి చెప్పరేం? మా గ్రూపు వాళ్లు పొద్దున ఇంటికొస్తామన్నారు. వాళ్లకేం చెప్పాలి?

రమేశ్, జడ్చర్ల
ఏ గ్రూపు అక్కా?

సుజాత, దేవరకొండ
మా పొదుపు సంఘం వాళ్లు. వాళ్ల కూపన్లు కూడా నేనే తెచ్చిచ్చిన. రెండు పుస్తకాలు, పుస్తకానికి 25. పది అమ్మితే ఒకటి ఉచితం అన్నారు. పైసలు నా ఫోన్‌పే నుంచే పోయినాయి.

వకీలు దగ్గర గుమస్తా, మహబూబ్‌నగర్
ఈ మాట మొదలే చెప్పాల్సింది చెల్లె! 50 కూపన్లు, 30 వేల రూపాయలు. కట్టినామె ఒక తీరు, అమ్మిపెట్టినామె ఇంకో తీరు. రేపు ఆ ఆడవాళ్లు కేసు పెడితే మొదట నీ పేరే చెప్తారు.

సుజాత, దేవరకొండ
నేను ఒక్క రూపాయి తినలేదు అన్నా. ఉచితంగా వచ్చిన ఐదు కూపన్లు కూడా డబ్బుల్లేని వాళ్లకే ఇచ్చిన.

వెంకన్న, మిర్యాలగూడ
పైసలు ఎప్పుడు పంపారు?

సుజాత, దేవరకొండ
బతుకమ్మ ముందు.

వెంకన్న, మిర్యాలగూడ
నెల దాటింది. 1930కి వెంటనే చెప్తే డబ్బు ఖాతాలోనే ఆపే వీలుంటుంది. ఇప్పుడు కష్టం. అయినా ఫిర్యాదు పెట్టండి.

వకీలు దగ్గర గుమస్తా, మహబూబ్‌నగర్
పొద్దున వాళ్లు వచ్చేదాకా ఆగకు. నువ్వే వాళ్లను తీసుకొని స్టేషన్‌కు పో. కూపన్ పుస్తకాల్లో మిగిలిన కౌంటర్ చీటీలు, ఫోన్‌పే స్టేట్‌మెంట్, ఆ వీడియోలు సేవ్ చేసుకో. వీడియోలు ఈ రాత్రికే తీసిపెట్టు, తీసేస్తే మళ్లీ దొరకవు. ఎవరి దగ్గర ఎంత తీసుకున్నావో కాగితం మీద రాసి వాళ్లతో సంతకం పెట్టించుకో. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లు ప్రచారం చేసినవాళ్ల మీద హైదరాబాద్‌లో కేసులు పెట్టారు కదా. ఫాలోవర్లు ఎక్కువుంటే ఏమీ చేయరని భయపడకు.

శ్రీధర్, వనపర్తి
ఆయన రేపు డ్రా తీస్తే? అందరూ తొందరపడి ఒక మనిషిని దొంగను చేస్తున్నారు.

రమేశ్, జడ్చర్ల
తీస్తే లైవ్‌లో ముందు కూపన్ల లెక్క చెప్పమనండి. నేను అడిగితే బ్లాక్ చేశాడు.

సుజాత, దేవరకొండ
వీడియోలు మూడు దొరికినాయి, మిగతావి కనిపిస్తలేవు. సరే అన్నా, థ్యాంక్స్. పొద్దున పోత.

కొత్త సభ్యుడు, నాగర్‌కర్నూల్
మా ఊర్లో నెలకు వెయ్యి కడితే ప్రతి నెలా డ్రా తీసి బైకు ఇస్తున్నారు. 9 నెలలు కట్టినం. అది కూడా ఇదేనా అన్నా?