మాంట్రియల్ వస్తున్నాం, ఫ్రెంచ్ లేకుండా గడుస్తుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. వచ్చే నెల హైదరాబాద్ నుంచి మాంట్రియల్ వస్తున్నాం. నాది వర్క్ పర్మిట్ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాపకు ఆరేళ్లు. కంపెనీవాళ్లు ఇంగ్లీష్ చాలంటున్నారు. తెలిసినవాళ్లేమో ఫ్రెంచ్ రాకపోతే ముఖం మీదే తలుపేస్తారని భయపెడుతున్నారు. ఏది నిజం?

జవాబు:
తమ్ముడూ, ముందు టెన్షన్ పక్కన పెట్టు. డౌన్‌టౌన్‌లో, వెస్ట్ ఐలాండ్‌లో ఇంగ్లీష్‌తో రోజులు గడిచిపోతాయి. చాలా షాపుల్లో "బోంజూర్, హాయ్" అని పలకరిస్తారు. నువ్వు ఏ భాషలో బదులిస్తే ఆ భాషలోనే మాట్లాడతారు. ఇంత చిన్న పలకరింపు మీద కూడా 2017లో మాంట్రియల్ ఉన్న రాష్ట్రం క్యూబెక్ అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది, ఉత్త "బోంజూర్" అనమని. అది చట్టం కాదు, వినతి మాత్రమే. కానీ ఇక్కడ భాష ఎంత సున్నితమైన విషయమో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఎందుకంత పట్టుదల అంటావా? 1961 జనాభా లెక్కలతో ఫెడరల్ కమిషన్ ఒకటి ఆదాయాలు పోల్చి చూసింది. క్యూబెక్‌లో జాతి మూలాల ప్రకారం 14 వర్గాలుంటే, అక్కడ మెజారిటీ అయిన ఫ్రెంచ్ వాళ్లు 12వ స్థానంలో తేలారు. బ్యాంకులు, పెద్ద ఉద్యోగాలు ఇంగ్లీష్ వాళ్ల చేతుల్లో ఉండేవి. సొంత ఊళ్లో ఫ్రెంచ్ మాట్లాడితే "స్పీక్ వైట్", అంటే తెల్లవాళ్ల భాష ఇంగ్లీష్‌లో మాట్లాడు, అని కసిరినవాళ్లున్నారు. 1977లో ఫ్రెంచ్‌ను కాపాడుకోవడానికి వచ్చిన చట్టం బిల్ 101 వెనక ఉన్నది ఆ బాధే. భాష పేరు మీద రాష్ట్రం తెచ్చుకున్న మనకు ఇది ఇంకొకరు చెప్పాలా? అందుకే వీకెండ్ పార్టీల్లో మనవాళ్లు "ఈ ఫ్రెంచోళ్ల గోల" అని తీసిపారేస్తుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

అలాగని అన్నిటినీ వెనకేసుకురాను. దాన్ని ఇంకా బిగిస్తూ 2022లో తెచ్చిన బిల్ 96 ప్రకారం, మనం వచ్చిన ఆరు నెలలు దాటాక ప్రభుత్వ ఆఫీసులు మనతో ఫ్రెంచ్‌లోనే వ్యవహరించాలి. వైద్యం, ప్రజల భద్రత లాంటివాటికి మినహాయింపు ఉంది. కొత్త ఉద్యోగం, ఇంటి వేట, ఆ చలి, వీటి మధ్య ఆరు నెలల్లో భాష ఎవరికొస్తుంది? పైగా నేర్చుకోమన్న ప్రభుత్వమే డబ్బులు సరిపడా ఇవ్వక 2024లో చాలాచోట్ల ఫ్రెంచ్ క్లాసులు మూతపడ్డాయి. ఇది అన్యాయమే.

కాబట్టి దిగిన వారంలోనే ఫ్రెంచ్ నేర్పే ప్రభుత్వ సంస్థ ఫ్రాన్సిజాసియోఁ కెబెక్‌లో నీ పేరు, మీ ఆవిడ పేరు రాయించు. క్లాసులు ఉచితం, వర్క్ పర్మిట్ వాళ్లకూ ఇస్తారు. సీటు రావడానికి టైం పట్టొచ్చు. అందుకే అంకెలు, అడ్రస్ చెప్పడం, మర్యాద మాటలు అక్కడుండగానే మొదలుపెట్టు.

ఇంకో మాట. ఎక్కడికెళ్లినా ముందు ఫ్రెంచ్‌లో నోరు తెరువు. నీ యాస వినగానే మర్యాదకొద్దీ ఇంగ్లీష్‌లోకి మారిపోతారు. అప్పుడు "ఆఁ ఫ్రాంసే, సిల్ వూ ప్లే" (దయచేసి ఫ్రెంచ్‌లోనే) అను. జాఁ-తాలోఁ మార్కెట్‌లో టమాటాలమ్మే పెద్దాయన ఒకరు నేను ధర సరిగ్గా పలికేదాకా సంచి చేతికిచ్చేవారు కాదు. వెనక క్యూ పెరుగుతున్నా మళ్లీ మెల్లగా చెప్పేవారు. ఆయన దగ్గర నేర్చుకున్న అంకెలు ఇప్పటికీ మర్చిపోలేదు.

మరో జవాబు:
పాప స్కూలు గురించి నేను చెప్తానండీ. ఇక్కడ పిల్లలు మామూలుగా ఫ్రెంచ్ స్కూల్లోనే చేరాలి. వర్క్ పర్మిట్ వాళ్ల పిల్లలకు ఇంగ్లీష్ స్కూలుకు అనుమతి దొరుకుతుంది గానీ మూడేళ్లకు మించి ఇవ్వరు. మనవాళ్లు చాలామంది ఆ దారే పడతారు. నన్నడిగితే వద్దు. ఆరేళ్లప్పుడు ఆడుతూ పాడుతూ వచ్చే భాష తొమ్మిదేళ్లకు లెక్కలు, సైన్సుతో కలిపి మీద పడితే పిల్లకు నరకం.

కొత్త పిల్లలకు ఫ్రెంచ్ నేర్పడానికి ఆకేయ్ అని విడిగా క్లాసు ఉంటుంది. మావాడు అందులో మొదట్లో చాన్నాళ్లు నోరు విప్పలేదు. టీచర్ బలవంతం చేయలేదు, రోజూ బొమ్మల కార్డులు పంచే పని వాడికే ఇచ్చేది. కార్డు అందుకున్న పిల్లలకు దాని పేరు చెప్పాలిగా, అలా నోరు తెరిచాడు.

పీఆర్, అంటే శాశ్వత నివాసం గురించి కూడా ఆలోచించుకోండి. ఉద్యోగాల మీద వచ్చేవాళ్లను క్యూబెక్ తనే ఎంపిక చేసుకుంటుంది, అందులో ఫ్రెంచ్‌కే పెద్దపీట. ఇల్లు తీసుకునే ముందు అది ఏ స్కూలు పరిధిలోకి వస్తుందో కనుక్కోండి. ఆకేయ్ క్లాసు అక్కడ లేకపోతే వేరే స్కూలుకు పంపుతారు, బస్సు సంగతి కూడా అప్పుడే అడగండి. పాప బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ చేతి సంచిలోనే పెట్టుకోండి.