నాన్న పోయారు, కాలేజీలో ఉద్యోగం ఊగుతోంది. ఇప్పుడే ఏదైనా నిర్ణయం తీసుకోవాలా?

పల్నాడు మెకానికల్:

అందరికీ నమస్తే. నాకు 46. గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ చెప్తాను, 2007 నుంచి అక్కడే. మొన్న కార్తీకంలో నాన్న పోయారు. జడ్పీ హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి.

పెద్దకర్మ అయ్యి కాలేజీకి వెళ్లగానే మా హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) పిలిచారు. ఈసారి కౌన్సెలింగ్‌లో మెకానికల్‌కి పిల్లలు రాలేదు, వచ్చే ఏడు సీట్లన్నీ సీఎస్‌ఈకీ డేటా సైన్స్‌కీ మారుస్తున్నారు, పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) నేర్చుకుని ఫస్టియర్ ల్యాబులు చూసుకో, లేదా వేరే చోటు వెతుక్కో అన్నారు. ఆయన్నేమీ అనలేను, ఆయనా మెకానికలే.

నాన్న గుర్తొచ్చి ఏడుపు వస్తుంది, మధ్యలో లెక్కలు మొదలవుతాయి. మాసికం రోజు పంతులుగారు నీళ్లు వదలమంటుంటే నా బుర్రలో పీఎఫ్ బ్యాలెన్స్. నాన్న ప్రతి ఒకటో తారీఖున ఇస్త్రీ చొక్కా వేసుకుని బ్యాంకుకెళ్లి పాస్‌బుక్కులో పెన్షన్ ఎంట్రీ వేయించుకునేవారు. ఫోన్లో మెసేజ్ వచ్చినా నమ్మేవారు కాదు, అచ్చు పడాలి. వచ్చేటప్పుడు అరకిలో మైసూర్‌పాక్. అలాంటి ఒకటో తారీఖు నాకు రిటైరయ్యాక ఉండదు కదా అని భయం. నాన్న లేరన్న బాధ ఎక్కడ ఆగి ఈ భయం ఎక్కడ మొదలవుతోందో తెలియట్లేదు. ఇంట్లో చెప్తే బాగుండదని ఇక్కడ రాస్తున్నాను.

మా కాలేజీ నా జీతంలో 15,000 మీదే పీఎఫ్ కడుతుంది, నా వాటా నెలకి 1,800. పీఎఫ్ నుంచి వచ్చే పెన్షన్ లెక్క వేసుకుంటే నెలకి నాలుగు వేలు వచ్చేలా ఉంది. పాప ఇంటర్ సెకండియర్. అమ్మ మా దగ్గరే ఉంటుంది. నాన్న ఎఫ్‌డీలు తీసేసి హైదరాబాద్ శివార్లలో ప్లాటు కొందామని బావగారు (అక్కయ్య భర్త). సంవత్సరీకం అయ్యేదాకా ఏదీ కదపొద్దని అమ్మ. నేను ఉద్యోగం మారాలా, ఆగాలా?

రిటైర్డ్ ట్రెజరీ:

బాబూ, నీ ఉద్యోగం సంగతి నాకు తెలీదు, తెలిసినవి చెప్తా. ముందు మీ అమ్మగారి ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు పెట్టించు. డెత్ సర్టిఫికెట్, నాన్నగారి పీపీఓ (పెన్షన్ ఆర్డరు), అమ్మగారి ఫోటోలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు తీసుకుని సబ్ ట్రెజరీకి వెళ్లు. ఆయన ఆఖరి బేసిక్‌లో 30 శాతం, దానిమీద డీఆర్ (కరువు భత్యం) వస్తాయి. డెత్ రిలీఫ్ కూడా ఉంటుంది, అడుగు. ఆయన పోయాక పొరపాటున పెన్షన్ పడి ఉంటే ఏటీఎంలో తీయకండి, అది ప్రభుత్వానికి వెనక్కి కట్టాల్సిందే. ఇవేవీ సంవత్సరీకం దాకా ఆగేవి కావు.

ఎఫ్‌డీలకి అమ్మగారు నామినీ అయి ఉంటే డబ్బు ఆవిడ చేతికే వస్తుంది. డిపాజిటరు చనిపోతే గడువుకి ముందే తీసినా పెనాల్టీ వేయరు. కానీ నామినీ అంటే ఓనరు కాదు, వీలునామా లేకపోతే మీ అక్కయ్యకీ వాటా ఉంది. కాబట్టి ప్లాటు మాట ముందు అక్కయ్యతో మాట్లాడు. అందరూ ఒప్పుకుంటే ఆ డబ్బు అమ్మగారి పేరుమీద పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో వేయడం నయం. 30 లక్షల దాకా తీసుకుంటారు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది.

గాజువాక సివిల్:

సార్, నేను సివిల్, నాలుగేళ్ల క్రితం ఇదే బాధ. మీ పెన్షన్ లెక్క తప్పు. 2014 సెప్టెంబరుకి ముందు సర్వీసుకి 6,500 జీతం మీదే లెక్కేస్తారు, ఆ తర్వాతదే 15,000 మీద. ఇప్పుడు మానేస్తే 58 నిండాక మూడు వేల చిల్లర వస్తుంది. అప్పటిదాకా లాగినా ఆరు వేల దగ్గర ఆగుతుంది. భయపెట్టడానికి కాదు, ఆ పెన్షన్ కోసం ఆ కాలేజీని పట్టుకుని వేలాడక్కర్లేదని చెప్తున్నా. పదేళ్లు దాటింది కాబట్టి అది ఎటూ పోదు. మారితే పీఎఫ్ డ్రా చేయకండి, కొత్త చోటుకి ట్రాన్స్‌ఫర్ పెట్టండి.

అసలు మర్చిపోయేది గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసుని బట్టి కాలేజీ ఒకేసారి ఇవ్వాల్సిన డబ్బు. 2009 సవరణతో గ్రాట్యుటీ చట్టం టీచర్లకీ వర్తించింది, అదీ 1997 ఏప్రిల్ 3 నుంచి. మేనేజ్‌మెంట్లు కోర్టుకెళ్తే 2022లో సుప్రీంకోర్టు కూడా దాన్నే సమర్థించింది. బేసిక్, డీఏ కలిపి 30,000 అనుకోండి, దాన్ని 26తో భాగించి 15తో, సర్వీసు ఏళ్లతో గుణించండి. మీ 19 ఏళ్లకి మూడు లక్షల పైమాటే. రాజీనామా చేసినా వస్తుంది. మావాళ్లు "మా కాలేజీలో ఆ పద్ధతి లేదు" అన్నారు, లేబర్ ఆఫీసు నుంచి నోటీసు వెళ్లాక పద్ధతి వచ్చింది. "ఇక ఏ బాకీ లేదు" అని రాసిన కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో ఉంటే పాప అడ్మిషన్‌కో లోన్‌కో అని ఏదో ఒకటి చెప్పి ఇప్పుడే తెచ్చుకోండి.

పైథాన్ నేర్చుకోండి, కష్టమేం కాదు. జీతం వచ్చే చోట కూర్చునే వెతుక్కోండి.

తణుకు కోడలు:

అన్నయ్యా, అమ్మ పోయినప్పుడు మా ఆయన కంపెనీలో లేఆఫ్‌లు. దినాల్లో బంతి లేస్తుంటే నేను ఈఎంఐ లెక్కేసుకుంటూ కూర్చున్నా. అమ్మ ఉంటే ఆ లెక్క తనకే చెప్పేదాన్ని, అందుకే ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది. మీరూ నాన్నగారికే చెప్పేవారేమో. వదినకి చెప్పండి, బాగుండదని దాచుకోకండి.

పల్నాడు మెకానికల్:

చెల్లెమ్మా, నిజమే, జీతం లేటైతే ముందు ఫోన్ నాన్నకే చేసేవాణ్ణి. రాత్రి మా ఆవిడకి చెప్పాను. తను నాకంటే ముందే లెక్కేసి పెట్టుకుందట.

గ్రాట్యుటీ సంగతి మా స్టాఫ్‌రూములో ఒక్కరికీ తెలీదు. పాత పే స్లిప్పులు వెతుకుతున్నా. సోమవారం అమ్మని తీసుకుని సబ్ ట్రెజరీకి వెళ్తాం. పైథాన్‌కి మా పాపే టీచరు. బావగారికి ఏం చెప్పాలో మాత్రం ఎవరూ రాయలేదు.

రిటైర్డ్ ట్రెజరీ:

ఎఫ్‌డీలు మెచ్యూర్ అయ్యాక చూద్దాం బావగారూ అను. ఎప్పుడు మెచ్యూర్ అవుతాయో చెప్పకు.